నాలుగు వేళ్ళ మడత

కుట్టు గది, బట్టల మిల్లు వెనక వీధి
సోమవారం

రక్తపు పరీక్షల డాక్టరమ్మ గారికి,

నమస్కారం. మీరు పంపిన కవరు అందింది. ఫోను చెయ్యమని నంబరు కూడా రాశారు. ఫోనులో అయితే నా గొంతు సగంలో తెగిపోతుంది. రాస్తే చెయ్యి ఆగుతూ ఆగుతూ అయినా నడుస్తుంది. నేను బడిలో చదివింది మూడో తరగతి. ఆ తరవాత చదివిందంతా మా పిట్ట దగ్గరే. సాయంత్రాలు నేను కాజాలు కుడుతుంటే పక్కన కూర్చుని, కత్తిరింపుకి గీసుకునే గోధుమరంగు కాగితం ముక్కల మీద నాచేత రాయించేది. తప్పు రాస్తే నా స్కేలుతోనే నా వేళ్ళ మీద కొట్టేది. ఈ ఉత్తరం కూడా ఆ కాగితం మీదే రాస్తున్నాను. ఏమీ అనుకోకండి.

పిట్ట అంటే మా పాప. మీ పుస్తకాల్లో ఏ పేరు ఉందో గానీ ఇంట్లో అందరికీ పిట్టే. గంపెడు తిన్నా గుప్పెడు ఒళ్ళు చెయ్యని పిల్ల. పదకొండు నిండకుండా పోయింది. ఏడు నెలలైంది. దాని రక్తం ఇంకా మీ దగ్గర చిన్న సీసాలో ఉందని చదివి, చాలాసేపు మిషను మీద తల పెట్టుకుని కూర్చున్నాను. అంటే ఎక్కడో ఒకచోట ఇంకా కొంచెం ఉందన్నమాట.

మీ ప్రశ్నల్లో మూడింటికి జవాబు రాశాను. పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేర్చామన్నది. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. "మీది ఏ జాతి? రేవు వాళ్ళు, మెట్ట వాళ్ళు, ఇతరులు. ఒక్కదానికే గుర్తు పెట్టండి."

నాకు ఆ గడి బాగా తెలుసమ్మా. మా పిట్టకి నెలల పిల్లప్పటి నుంచీ దగ్గు, ఆయాసం. ముద్దు పెట్టుకుంటే దాని నుదురు నా పెదాలకి ఉప్పగా తగిలేది. డాక్టరుకి చెప్పాను. "చెమట ఉప్పగా కాక తియ్యగా ఉంటుందా?" అని నవ్వాడు. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. చదువుకున్నవాళ్ళు నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదు కదా. దానికి రెండో ఏడు వచ్చినప్పుడు ఒక పెద్ద డాక్టరు చూసి, "ఇదేదో ఉప్పు జబ్బులా ఉందే" అన్నాడు. అని, కాగితం మీద ఆ గడి చూసి, "అది రేవు వాళ్ళ జబ్బు. మీరు మెట్ట వాళ్ళు. మీకు రాదు" అని ఉబ్బసం మందు రాశాడు. ఎనిమిదేళ్ళు ఆ మందే వేశాం. పదో ఏట కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చెమట పరీక్ష చేసి ఉప్పు జబ్బే అని తేల్చింది. అప్పటికి దాని ఊపిరితిత్తులు నానిపోయిన గుడ్డలా అయిపోయాయి.

నాకు పని నేర్పిన మేస్త్రి టేపు పట్టేవాడు కాదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి, "వీళ్ళవైపు అందరికీ భుజం ఇంతే, చెయ్యి ఇంతే" అని కత్తెర వేసేవాడు. తొమ్మిది మందికి అతికినట్టు సరిపోయేది. పదోవాడి గుడ్డ పాడయ్యేది. "వీడి ఒళ్ళే తేడా" అనేవాడు గానీ టేపు మాత్రం పట్టేవాడు కాదు. నా బిడ్డ ఆ పదో గుడ్డ అయిపోయింది. ఇన్ని పెద్ద మిషన్లు పెట్టుకుని మీరూ కంటి కొలతేనా? మళ్ళీ అదే గడి నాకెందుకు పంపారు?

పిట్ట తల్లి

*

ఆసుపత్రి మూడో అంతస్తు, పరీక్షల గది
శుక్రవారం

అమ్మగారికి,

నమస్కారం. నేను డాక్టర్ని కానండి. తెల్లకోటు వేసుకుంటాను గానీ ఇంతవరకు ఎవరి చెయ్యీ పట్టుకుని నాడి చూడలేదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు రక్తంలో ఒక రాత వస్తుంది. దాన్ని చదవడం నా పని.

మీ ఉత్తరం మా సారుకు ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివారు. "జవాబు నువ్వే రాయి, నాకు చేతకాదు" అన్నారు.

ఆ గడి ఎందుకు పెట్టామో చెబుతాను. ఉప్పు జబ్బు రేవు వాళ్ళలో ఎక్కువ. ఇది నిజం. ఆ సంగతి తెలియబట్టే అక్కడి పిల్లలకు పుట్టగానే చెమట పరీక్ష చేస్తున్నారు, మందులు మొదలుపెడుతున్నారు, చాలామంది పెరిగి పెద్దవాళ్ళవుతున్నారు. కానీ "ఎక్కువ" అన్న మాట నోటా నోటా పడి "వాళ్ళకే" అయిపోయింది. ఆ తప్పు మాది.

ఈ జబ్బు రావాలంటే బిడ్డకు రెండు వైపుల నుంచీ తప్పు రాత రావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్కటే ఉన్న మనిషికి ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలియదు. పాప రక్తంలో రెండూ కనిపించాయి. ఒకటి మాకు బాగా తెలిసినది, రేవు వాళ్ళలో తరచుగా ఉండేది. రెండోది మా దగ్గరున్న ఏ జాబితాలోనూ లేదు. ఎందుకంటే ఇన్నాళ్ళూ మేం వెతికింది రేవు వాళ్ళ రక్తంలోనే. మెట్ట వాళ్ళని ఎవరూ అడగలేదు. అడగని చోట లేదని రాసుకున్నాం.

మీరూ పాప నాన్నగారూ చెరి కొంచెం రక్తం ఇస్తే ఏది ఎవరి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ రెండోదాన్ని జాబితాలో చేర్చవచ్చు. బలవంతం ఏమీ లేదు.

మీ
పరీక్షల గది అమ్మాయి

*

కుట్టు గది
బుధవారం

పరీక్షల గది వారికి,

రక్తం ఇవ్వం. మా ఆయనకి ఈ సంగతులు చెప్పలేదు, చెప్పను. రేవు వాళ్ళతో మాకే సంబంధమూ లేదు. మీ జాబితాలో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. ఇక రాయకండి.

*

పరీక్షల గది
మంగళవారం, మూడు వారాల తరవాత

అమ్మగారికి,

రాయవద్దన్నారు. ఈ ఒక్కటి రాసి ఊరుకుంటాను. జవాబు అక్కర్లేదు.

మీరు వద్దన్నారు కాబట్టి పాప రక్తాన్ని ఇక చదవం. పారబొయ్యం కూడా. పై అరలో చల్లగా ఉంటుంది. సీసా మీద పేరు ఉండదు, ఒక అంకె మాత్రం ఉంటుంది. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఆ అంకె పక్కన పెన్సిలుతో చిన్న పిట్టను గీశాను. అలా గీయకూడదు. సారు చూశారు. తిడతారనుకున్నాను. సీసా వెలుతురుకి ఎత్తి చూసి, "ముక్కు ఇంకొంచెం చిన్నగా ఉండాలి" అని వెళ్ళిపోయారు.

మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి.

*

కుట్టు గది
ఆదివారం

పిట్ట బొమ్మ గీసిన అమ్మాయికి,

మీ సారు చూడకుండానే సరిగ్గా చెప్పారు. దాని ముక్కు చిన్నదే. నాన్న ముక్కు రాలేదని పోరు పెట్టేది.

నీ ఉత్తరం నాలుగు రోజులు బాబిన్ల డబ్బాలో పెట్టుకుని తిరిగాను. ఇంకెక్కడ పెట్టినా ఎవరో ఒకరు చదువుతారు. ఇప్పుడు ఒక సంగతి రాస్తాను. చదివాక నన్ను ఏమైనా అనుకో, పరవాలేదు. నువ్వు అని రాసేశాను, నా చెల్లెలి కూతురు వయసు దానివని తోస్తోంది.

నేను మొదట రాసింది అంతా నిజం కాదు. ఆ పెద్ద డాక్టరు గడి చూసి ఊరుకోలేదు. పాపం, అడిగాడు. "మీ రెండు వైపులా రేవు వాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. నా పక్కన మా ఆయన ఉన్నాడు. ఆయన ఛాతీ విరుచుకుని, "మావైపు అలాంటివి లేవండీ" అన్నాడు. డాక్టరు నావైపు చూశాడు. నేను నేలకేసి చూశాను. తల అడ్డంగా ఊపాను.

మా అమ్మ రేవు మనిషి.

పదహారేళ్ళప్పుడు మా నాన్నతో మెట్టకి వచ్చేసింది. వచ్చిన మొదటి వారమే మాట మార్చుకుంది, యాస మార్చుకుంది. "రేవు రక్తం చెడ్డది, వాళ్ళ పిల్లలు నిలవరు" అని ఇక్కడివాళ్ళు అంటుంటే తనూ అవునన్నట్టు ఊఁ కొట్టేది. నా పెళ్ళి కుదిరినప్పుడు నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "నా పుట్టిల్లు ఊసు నీ అత్తవారింట ఎత్తావా, నేను చచ్చినంత ఒట్టు" అంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఒట్టు మాత్రం పోలేదు. చచ్చిపోయిన అమ్మ మాట నిలబెట్టడానికి బతికున్న బిడ్డని పణం పెట్టాను.

ఇప్పుడు ఇంకొకటి వచ్చి పడింది. మా చెల్లెలి కూతురికి ఏడో నెల. అది నన్ను పెద్దమ్మా అంటుంది గానీ పెంచింది సగం నేనే. దాని అత్తవారూ మెట్ట వాళ్ళే. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం దిగడం లేదు. చెల్లెలితో అన్నాను, పిల్లకి చెబుదామే అని. "నోరు కుట్టుకో అక్కా, నీకు సూదికి కరువా?" అంది.

పిట్ట బడి గౌను ఒకటి నా మిషను పక్కన వేలాడుతోంది. ఎదిగే పిల్ల కదా అని అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టాను. ఏడాదికి ఒక వేలు విప్పితే నాలుగేళ్ళు వస్తుందని లెక్క. ఒక్క వేలు కూడా విప్పలేదు.

నువ్వు చదువుకున్నదానివి. చెప్పు. నేను ఆ రోజు ఉన్నారని చెప్పి ఉంటే నా బిడ్డ బతికేదా?

*

పరీక్షల గది
గురువారం

అమ్మా,

మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. సారుకు కూడా.

ముందు మీ చెల్లెలిగారి అమ్మాయి సంగతి. కంగారు పడకండి. బిడ్డ పుట్టి రెండు వారాలు దాటాక చెమట పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు. చేతికి చిన్న బిళ్ళ కట్టి అరగంట కూర్చోబెడతారు. జబ్బు లేకపోతే అందరూ హాయిగా ఉంటారు. ఉంటే ఆ రోజే మందులు మొదలుపెడతారు. ఇప్పుడు మందులు చాలా మెరుగయ్యాయి.

మిగతా విషయాలు తీరికగా రాస్తాను. మీరు వేళకు తినండి.

*

కుట్టు గది
సోమవారం

అమ్మాయీ,

తింటున్నాను. నువ్వు నా ప్రశ్న దాటేశావు. పాతికేళ్ళుగా కుట్టుపనిలో ఉన్నదాన్ని. దాటిపోయిన కుట్టు ఎంత చిన్నదైనా నా కంటికి ఆనుతుంది.

నన్ను ఓదార్చడానికి చాలామంది ఉన్నారు. పక్కింటావిడ రోజూ వచ్చి, "రాసిపెట్టి ఉందమ్మా" అని నా టీ తాగి పోతుంది. నిజం చెప్పేవాళ్ళే లేరు. నువ్వు చెప్పు.

*

పరీక్షల గది
ఆదివారం. ఇవాళ గదిలో ఎవరూ లేరు

అమ్మా,

అవును.

ఎన్నేళ్ళని చెప్పలేను. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు. కానీ రెండో ఏటే తెలిసి ఉంటే పిట్ట ఇంకా చాలా కాలం ఉండేది. బహుశా ఇప్పుడు కూడా ఉండేది. నాలుగు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను. మీతో అబద్ధం చెప్పలేను.

ఇది కూడా నిజం. దీన్ని ఓదార్పు అనుకోకండి. చెమట పరీక్షకు పట్టేది అరగంట. చేతికి కట్టే ఆ బిళ్ళలు ఆ రోజు ఆ ఆసుపత్రిలోనే ఉన్నాయి. మీరు ఉప్పు రుచి చూసి వెళ్ళి చెప్పారు. పిల్లకు దగ్గు ఉంది, ఒళ్ళు చెయ్యడం లేదు. సాక్ష్యం అంతా ఆ బల్ల మీదే ఉంది. దాన్ని పక్కకు నెట్టి, మీ అమ్మమ్మలు తాతలు ఎవరని అడిగారు. ఒక మనిషి భయపడి తల ఎటు ఊపుతుందో దాని మీద బిడ్డ ప్రాణం వేలాడదీశారు. మీరు చెప్పింది అబద్ధమే. కానీ ఆ ప్రశ్నకు మీ జవాబు అవసరమే లేదు. మీ దగ్గర జవాబు లేకపోయినా, మీరు దిక్కులేని పిల్లగా ఎక్కడో పెరిగి అమ్మెవరో తెలియకపోయినా, పిట్టకు ఆ పరీక్ష జరగాలి.

ఇప్పుడు నా సంగతి. నేను రేవు పిల్లను.

మా తమ్ముడికి ఉప్పు జబ్బు. నెలల పిల్లాడప్పుడు మా అమ్మ వాణ్ణి తీసుకెళ్తే డాక్టరు మా పేట పేరు వినగానే చెమట పరీక్ష రాశాడు. ఆ గడి వల్లే వాడు బతికాడు. ఇప్పుడు ఇరవై నాలుగు. ఈల వేస్తాడు, ఒక్క పాటా సరిగ్గా రాదు, అయినా ఆపడు. వాడికి రెండు సంబంధాలు కుదిరి తప్పిపోయాయి. "అబ్బాయి మంచివాడే, రక్తమే రేవుది" అన్నారట. వాణ్ణి బతికించిన గడీ, వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టిన గడీ ఒకటే.

నేను ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ కాగితమే నాకూ ఇచ్చారు. "ఇతరులు" అన్నచోట గుర్తు పెట్టాను. మీరు భర్త పక్కన కూర్చుని తల అడ్డంగా ఊపారు. నేను కలంతో ఊపాను. అంతే తేడా.

ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

*

కుట్టు గది
శనివారం

తల్లీ,

నీ ఉత్తరంలో మొదటి మాట చదివి మడిచేశాను. మూడు రోజులు దాని జోలికి పోలేదు. ఏడ్చాననుకుంటావేమో, లేదు. పద్దెనిమిది చొక్కాలకు కాజాలు కుట్టాను. నాలుగో రోజు మిగతాది చదివాను. అప్పుడు ఏడ్చాను.

అబద్ధం చెప్పకుండా నా పక్కన కూర్చున్నావు చూడు, అది నాకు చాలు. తప్పులో నా వాటా ఎంతో నాకు తెలిసింది. నా వాటాతో నేను బతకగలను. అందరి వాటా నా ఒక్కదాని నెత్తినే ఉందనుకున్నప్పుడే బతకలేకపోయాను.

మా ఆయనకి చెప్పేశాను. మిల్లు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఒక బూటు కాలికే ఉంది, రెండోది చేతిలో ఉంది, "పాతికేళ్ళు నాతో కాపురం చేసి నాకు చెప్పలేదు" అన్నాడు.

"చెబితే ఉంచుకునేవాడివా?" అన్నాను.

"నువ్వు చెప్పి చూడలేదుగా, చూస్తే తెలిసేది" అన్నాడు. బూటు కింద పెట్టాడు. నీ ఉత్తరం చూపించమన్నాడు, మొదటిది ఇచ్చాను. వేలు పెట్టుకుని చదివాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అన్నచోట ఆగాడు. "మరి నావైపుది ఎక్కణ్ణుంచి వచ్చిందట? మా నాన్న జన్మలో రేవు మొహం చూడలేదు."

"మీ నాన్న దగ్గర్నుంచే. ఎవరూ వెతకలేదు, అంతే."

అప్పుడు మా ఆయన నేనెప్పుడూ వినని గొంతుతో, "ఆ రోజు డాక్టరు ముందు నువ్వు తెలిసి లేదన్నావు. నేను తెలియక లేదన్నాను. ఎక్కువ గట్టిగా అన్నది నేనే" అన్నాడు. అని నా కొంగుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన తువ్వాలు భుజాన్నే ఉంది.

బుధవారం ఇద్దరం వచ్చి రక్తం ఇస్తాం. ఆయనకి సూదంటే భయం. నాకు చెప్పొద్దన్నాడు, నీకు చెప్పొద్దనలేదు.

మా ఆయనకి చెప్పేశానని తెలిసి చెల్లెలు ఫోను చేసి పెద్ద గొడవ చేసింది. "నీ బిడ్డ ఎలాగూ పోయింది, నా బిడ్డ కాపురమైనా ఉండనీ" అంది. ఆ మాట అన్నాక అదే ఏడ్చింది. భయం నోట్లోంచి వచ్చిన మాట అది. ఆ భయం మా అమ్మ ఇద్దరికీ సమంగా పంచి ఇచ్చింది.

ఒక్కటి అడుగుతాను. మీరు రాసే రాతలో "రేవు వాళ్ళ నుంచి మెట్ట వాళ్ళకి పాకింది" అని రాయకండి. మా అమ్మ జబ్బు మోసుకొచ్చిన మనిషి కాదు. సూదిలో దారం ఎక్కించడం నాకు నేర్పిన మనిషి.

*

పరీక్షల గది
సోమవారం, నెల తరవాత

అమ్మా,

మీరు వచ్చి వెళ్ళాక గది చిన్నదైనట్టుంది. సూది కనపడగానే బాబాయిగారు కళ్ళు మూసుకుని నా స్టూలు పట్టుకున్నారు, నన్ను కూడా కలిపి. పిట్ట సీసా చూపించినప్పుడు మీరు దాన్ని చెంపకు ఆనించుకున్నారు. చల్లగా ఉందన్నారు. సారు అటు తిరిగి గోడ గడియారం సరిచేశారు. అది సరిగ్గానే నడుస్తోంది.

ఫలితం వచ్చింది. తెలిసినది మీ నుంచి. జాబితాలో లేనిది బాబాయిగారి నుంచి. ఇప్పుడు మెట్టలో ఇంకో నలభై కుటుంబాల రక్తం అడిగాం. ఇద్దరిలో అదే కనిపించింది. అంటే ఇన్నాళ్ళూ ఉబ్బసం అని మందు తాగుతున్న పిల్లలు ఇంకా ఉండవచ్చు.

మేం రాసే వ్యాసానికి సారు మొదట "మెట్ట వాళ్ళలో రేవు జబ్బు" అని పేరు పెట్టారు. మీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. తరవాత, "సారూ, నేను కూడా రేవు పిల్లనే" అన్నాను. ఆయన పెన్ను తీసి ఆ పేరు కొట్టేశారు. ఇప్పుడు పేరులో ఏ జాతీ లేదు. లోపల మాత్రం ఎక్కడ ఎంతమందిని చూశామో, ఎక్కడ అసలు చూడలేదో రాశాం. దాన్ని దాచిపెడితే మళ్ళీ మెట్ట పిల్లలే నష్టపోతారు. మీరు ఒప్పుకుంటారా?

పుట్టిన ప్రతి బిడ్డకూ చెమట పరీక్ష చెయ్యాలని ఆసుపత్రి పెద్దలకు రాశాం. ఇంకా ఆలోచిస్తున్నారు. కాబట్టి మీ చెల్లెలిగారి అమ్మాయి విషయంలో ఆసుపత్రి చీటీల కిటికీ దగ్గర మళ్ళీ ఆ ప్రశ్నే అడుగుతారు. గట్టిగా ఉండండి.

*

కుట్టు గది
ఆదివారం, నాలుగు నెలల తరవాత

తల్లీ,

ఇన్నాళ్ళు రాయలేదని కోపం వద్దు. కఫం కదలడానికి పిల్ల వీపు తట్టడం, మందులు, ఉడకబెట్టిన సీసాలు, వీటితో చేతులకి తీరిక లేదు. మొదటి నుంచీ చెబుతాను.

ఆడపిల్ల. పద్దెనిమిదో రోజున నా ఒళ్ళో పెట్టారు. వంగి నుదురు ముద్దు పెట్టుకున్నాను. ఉప్పు. నా పెదాలకి ఆ రుచి ఎన్నాళ్ళైనా మరపు రాదు. చెల్లెలు నా మొహం చూసింది. "అక్కా, వద్దు" అంది. అప్పటికే నేను చెప్పులు వేసుకుంటున్నాను.

ఆసుపత్రి కిటికీ దగ్గర అందరం నిలబడ్డాం. పిల్ల తల్లి, చెల్లెలు, పిల్ల నాన్నమ్మ. ఆవిడంటే మా అందరికీ హడల్. మాట్లాడితే గాజు పగిలినట్టుంటుంది. కిటికీలో అబ్బాయి తల ఎత్తకుండా, "చెమట పరీక్షా? మీవైపు రేవు వాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. చెల్లెలు నా మోచెయ్యి గిల్లింది. ఆ గిల్లిన మచ్చ వారం ఉంది.

"ఉన్నారు" అన్నాను. అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. వరుసలో వాళ్ళంతా చూశారు. "మా అమ్మ. ఆమె కడుపున పుట్టిన నేను. ఇదిగో, నన్ను గిల్లుతున్న ఈ చెల్లెలు. అందరం రేవే. లేరని చెప్పినా నువ్వు ఈ పరీక్ష చెయ్యాల్సిందే బాబూ. పిల్ల నుదురు ఉప్పగా ఉంది, రాసుకో."

పిల్ల నాన్నమ్మ నావైపు చూసింది. నా చెల్లెలి వైపు చూసింది. ఇక పిల్లనీ తల్లినీ అక్కడే వదిలేసి పోతుందనుకున్నాను. ఆవిడ పిల్లని నా చేతుల్లోంచి తీసుకుంది. వంగి నుదుటి మీద పెదాలు ఆనించింది. నాలుకతో పెదవి తడుముకుంది. కిటికీ వైపు తిరిగి, "నిజమే, ఉప్పగా ఉంది. చెవుడా? రాసుకోమంటుంటే!" అని అరిచింది. అబ్బాయి రాసుకున్నాడు.

తరవాత మెట్లు దిగుతూ నాతో, "మీ అమ్మ సంగతి మనం తరవాత మాట్లాడుకోవాలి" అంది. ఇంకా మాట్లాడలేదు. రోజూ వచ్చి పిల్ల వీపు మాత్రం తడుతుంది. నాకంటే బాగా తడుతుంది, ఒప్పుకోక తప్పదు.

ఉంది తల్లీ. ఉప్పు జబ్బే. ఇరవై రెండో రోజున తెలిసింది. నా బిడ్డకి పదో ఏట తెలిసింది. డాక్టరు చెబుతుంటే అందరూ ఏడ్చారు. నేను మాత్రం ఇరవై రెండు, ఇరవై రెండు అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. చెల్లెలు ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడేసి, "దీనికి మందు ఎప్పుడెప్పుడు వెయ్యాలో నువ్వే రాసిపెట్టు, నాకు గుర్తుండటం లేదు" అంది. పిట్ట నేర్పిన అక్షరాలతో గోడకి రాసి అంటించాను.

నువ్వు అడిగావు కదా, ఎక్కడ చూశారో ఎక్కడ చూడలేదో రాయవచ్చా అని. రాయి. టేపు ఎవరెవరికి పట్టామో, ఎవరికి పట్టలేదో చెప్పడంలో తప్పు లేదు. టేపు పట్టకుండా కత్తెర వెయ్యడమే తప్పు. నాలుగో ప్రశ్న కాగితం దీనితో పంపుతున్నాను. రేవుకి ఒక గుర్తు, మెట్టకి ఒక గుర్తు పెట్టాను. ఒక్కదానికే పెట్టమన్నారు గానీ, మా అమ్మని ఒకసారి కొట్టేశాను, రెండోసారి చెయ్యి రాలేదు. మీ తమ్ముణ్ణి అడిగానని చెప్పు. ఈల రాకపోతే రాకపోనీ, వేసేవాడికి ఊపిరుంది కదా.

పిట్ట గౌను కిందికి దించాను. చాలాసేపు వాసన చూశాను, సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. తరవాత టేపు తెచ్చి పాపని కొలిచాను. ఛాతీ, భుజం, పొడవు. కాళ్ళు తన్నుతుంటే మూడుసార్లు కొలవాల్సి వచ్చింది. ఆ గౌనులోంచే దానికి చిన్న గౌను కత్తిరించాను. అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టాను. "ఇంత చిన్నపిల్లకి అంత మడతేంటి, బరువు" అంది చెల్లెలు. ఉండనీ అన్నాను.

నిన్న గౌను తొడిగితే మోకాళ్ళు కనిపించాయి. మా ఆయన పిల్లని ఎత్తుకుని నిలబడ్డాడు, నేను కింద కూర్చుని ఒక వేలు మడత విప్పాను.

పిట్ట తల్లి